మంచు అంటే దూదేనా?

డిసెంబరు నెలలో ఒకసారి మీ తమ్ముడో చెల్లెలో చదివే ప్రాథమిక పాఠశాలకు వెళ్లి చూడండి. చాలా బళ్లలో గోడల మీద 'శీతాకాలం' పేరుతో చార్టులు కనిపిస్తాయి. నీలం కాగితం, దాని మీద జిగురుతో అంటించిన దూది, దూదితోనే చేసిన గుండ్రటి మంచు మనిషి, అతని మెడకు ఎర్ర మఫ్లరు, ముక్కు స్థానంలో క్యారెట్టు. తెల్లకాగితం మడిచి కత్తిరించిన మంచు పువ్వులు దారాలకు వేలాడుతుంటాయి.

చూడటానికి ముచ్చటగానే ఉంటాయి. వాటిని చేసిన చిన్న చేతులను మెచ్చుకోవలసిందే. కాని ఒక్క సంగతి ఆలోచించండి. ఆ చార్టు చేసిన పిల్లల్లో అలాంటి మంచును ఎప్పుడైనా చూసినవారు ఎందరు? ఆ ఉదయం బడికి వస్తూ వాళ్లు నిజంగా చూసిన శీతాకాలం ఆ గోడ మీద ఎక్కడుంది?

ఒక జనవరి ఉదయం నేనొక బడికి వెళ్లాను. మూడో తరగతి పిల్లలకు డ్రాయింగు పీరియడు జరుగుతోంది. బోర్డు మీద మంచు మనిషి బొమ్మ ఉంది. అందరూ దాన్నే చూసి వేస్తున్నారు. చివరి వరసలో ఒక పాప మాత్రం కాగితమంతా బూడిదరంగు పూసి, మధ్యలో రెండు పసుపు చుక్కలు పెట్టింది. "ఏమిటమ్మా ఇది?" అని అడిగాను. "పొద్దున బస్సొచ్చింది సార్. బస్సు కనపడలేదు. లైట్లే కనపడ్డాయి" అంది.

ఆ తరగతి మొత్తంలో శీతాకాలాన్ని గీసింది ఆ పాప ఒక్కతే. కాని ఆమె బొమ్మ గోడ ఎక్కలేదు. చెప్పింది వేయలేదని మళ్లీ వేయించారు. ఆ రోజు ఆమె ఏం నేర్చుకుని ఉంటుంది? కంటితో చూసింది తప్పు, బోర్డు మీద ఉన్నదే ఒప్పు అని కాదా? సైన్సు నేర్చుకోవలసిన పిల్లకు ఇంతకంటె చెడ్డ పాఠం మరొకటి లేదని నా అభిప్రాయం.

ఒకే మాట, మూడు వస్తువులు

ఈ తికమకకు మన మాట కూడా కొంత కారణం. గడ్డి మీద మెరిసే బొట్లను మంచు అంటాం. రోడ్డు కనపడకుండా కమ్ముకునేదాన్నీ మంచు అంటాం. హిమాలయాల మీద తెల్లగా పేరుకునేదీ మంచే. కాని శాస్త్రం దృష్టిలో ఇవి మూడూ వేరు వేరు.

ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల, గడ్డి, ఆకులు తమ వేడిని పైకి వదిలేసి బాగా చల్లబడతాయి. వాటిని తాకిన గాలిలోని నీటిఆవిరి అక్కడికక్కడే నీటిబొట్లుగా మారుతుంది. ఇది తుషారం. ఇది పైనుంచి పడదు. నేలకు దగ్గరగా ఉన్న గాలి మొత్తం చల్లబడితే ఆవిరి అతి సన్నని నీటితుంపరలై గాలిలోనే తేలుతుంటుంది. ఇది పొగమంచు. ఆ తుంపరలు కాంతిని అన్ని వైపులకూ చెదరగొట్టడం వల్లనే మన పాపకు బస్సు కనపడక, లైట్లు మాత్రమే కనపడ్డాయి. ఇక మూడోది హిమం. ఎత్తున ఉన్న మేఘాల్లో సున్న డిగ్రీల కంటె చల్లని చోట ఆవిరి నేరుగా మంచు స్ఫటికాలుగా పేరుకుని కిందికి రాలుతుంది.

మన ప్రాంతంలో పిల్లలు చూసేవి మొదటి రెండూ. బొమ్మల్లో వేసేది మాత్రం మూడోది.

గీస్తేనే కనపడేవి

"చూసింది చాలదా? గీయడం కూడా ఎందుకు?" అని మీరు అడగవచ్చు. ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. శీతాకాలం ఉదయాన మీ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని పొలం గట్టుకో, వరి నారుమడికో, కనీసం పెరట్లోని గడ్డి దగ్గరకో వెళ్లండి. ఒక్క గడ్డిపోచను ఎంచుకుని, దాని మీద నీటిబొట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో అలాగే గీయమనండి.

మామూలుగా చూస్తే 'గడ్డి మీద మంచు' అనేసి వెళ్లిపోతాం. గీయడం మొదలుపెడితే అలా కుదరదు. పోచ వెడల్పున సన్నని బొట్లు చిందరవందరగా పరుచుకుని ఉంటాయి. కొన్ని పోచల కొనల మీద మాత్రం ఒకే ఒక పెద్ద బొట్టు నిలబడి ఉంటుంది. పెన్సిలు పట్టుకున్న పిల్లవాడు వెంటనే అడుగుతాడు: "కొన మీద మాత్రం అంత పెద్ద బొట్టు ఎందుకుంది?"

మంచి ప్రశ్న! సన్నని బొట్లు గాలిలోని ఆవిరి నుంచి వచ్చిన తుషారం. కొన మీది బొట్టు చాలాసార్లు మొక్క లోపలి నుంచి వచ్చిందే. రాత్రివేళ వేళ్లు పీల్చిన నీరు ఎక్కువై ఆకు కొనల నుంచి బొట్లుగా బయటికి వస్తుంది. దీన్ని వృక్షశాస్త్రంలో బిందుస్రావం అంటారు. ఒక్క బొమ్మ రెండు వేరువేరు విషయాలను విడదీసి చూపింది.

మరో ఉదాహరణ. మన పిల్లలందరూ వేసే ఒక బొమ్మ ఉంది. రెండు కొండలు, వాటి మధ్య సగం సూర్యుడు, ఒక ఏరు, ఒక గుడిసె, ఒక కొబ్బరిచెట్టు. మీరూ వేసే ఉంటారు, నేనూ వేశాను. ఆ బొమ్మలో సూర్యుడు ఏడాది పొడవునా ఆ రెండు కొండల మధ్యనే ఉంటాడు. నిజంగా అలా ఉంటాడా?

మీ మేడ మీద నుంచి తూర్పున కనిపించే ఇళ్లు, చెట్లు, స్తంభాల వరసను ఒక కాగితం మీద గీసిపెట్టుకోండి. డిసెంబరు మూడో వారం నుంచి ప్రతి ఆదివారం సూర్యుడు ఎక్కడ పైకి వచ్చాడో దాని మీద గుర్తు పెట్టండి. సూర్యుడి వంక తేరిపార చూడకూడదు సుమా! బింబం అంచు తొంగిచూసిన చోటును గుర్తుంచుకుంటే చాలు. డిసెంబరు 21, 22 తేదీల్లో హైదరాబాదులో సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించడు. తూర్పుకు సుమారు 25 డిగ్రీలు దక్షిణంగా ఉదయిస్తాడు. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. అంటే రెండున్నర పిడికిళ్ల దూరం! అక్కణ్ణుంచి మెల్లగా ఉత్తరానికి జరుగుతూ మార్చి 21 నాటికి తూర్పుకు చేరుకుంటాడు.

ఇందులో ఇంకో విశేషం కూడా ఉంది. సంక్రాంతి నాడు ఉత్తరాయణం మొదలవుతుందని మీ నాయనమ్మ చెబుతుంది. కాని సూర్యుడు వెనక్కి తిరిగింది డిసెంబరులోనే అని మీ కాగితం చెబుతుంది. సంక్రాంతి నాటికి ఆయన అప్పుడే సుమారు నాలుగు సూర్యబింబాల దూరం ఉత్తరానికి జరిగి ఉంటాడు. మన పంచాంగం నక్షత్రాలను బట్టి లెక్కిస్తుంది. భూమి అక్షం చాలా మెల్లగా దిశ మార్చుకుంటూ ఉండటం వల్ల శతాబ్దాలుగా ఈ తేడా పేరుకుంది. ఈ సంగతి అయిదో తరగతి పిల్లవాడు తన డ్రాయింగు కాగితం మీదనే పట్టుకోవచ్చు.

ముగ్గులోని హిమం

"అయితే మంచు పువ్వులు కత్తిరించడం మానెయ్యాలా?" అంటారేమో. అక్కరలేదు. చూడని దాన్ని ఊహించడం తప్పు కాదు. కాని అది కూడా సరిగా చేయాలి.

చదరం కాగితాన్ని మూడుసార్లు సగానికి మడిచి కత్తిరిస్తే నాలుగు కొమ్మల పువ్వో, ఎనిమిది కొమ్మల పువ్వో వస్తుంది. ప్రకృతిలో అలాంటి హిమ స్ఫటికం లేదు. నీటి అణువులు గడ్డకట్టేటప్పుడు ఆరేసి చొప్పున వలయాలుగా కుదురుకుంటాయి. అందుకే హిమ స్ఫటికానికి సాధారణంగా ఆరు కొమ్మలు ఉంటాయి. అరుదుగా మూడో, పన్నెండో కనిపిస్తాయి. ఆరు కొమ్మలు కావాలంటే కాగితాన్ని సగానికి మడిచి, దాన్ని మూడు సమభాగాలుగా మడిచి, మళ్లీ సగానికి మడవాలి.

ఈ ఆరు మూలల ఆకారం మన పిల్లలకు కొత్తది కాదు. ధనుర్మాసంలో రోజూ వాకిట్లో చూస్తున్నదే. '15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేవరకు' అంటూ అమ్మ ముగ్గు పెడుతుంది కదా! ఆ చుక్కల బయటి అంచు కలిపి చూడండి. భుజానికి 8 చుక్కలున్న చక్కని షడ్భుజి వస్తుంది. మొత్తం ఎన్ని చుక్కలో లెక్కపెట్టండి. 169 రావాలి. ముగ్గుల్లోని గణితాన్ని పెద్ద పెద్ద పండితులే పరిశోధించారు. మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, ఆయన సహచరులు 1974లోనే ఈ చుక్కల ముగ్గులను కంప్యూటరు శాస్త్రానికి జోడించి పరిశోధన పత్రం రాశారు. అలాంటి ముగ్గు గడప ముందు ఉండగా, బడిలోని శీతాకాలం చార్టులో దానికి చోటు లేకపోవడం ఏం న్యాయం?

గీసినవారే కనిపెట్టారు

హిమం కురిసే దేశంలో హిమాన్నే గీయాలి. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని జెరికో అనే పల్లెలో విల్సన్ బెంట్లీ అనే రైతుబిడ్డ ఉండేవాడు. అతనికి 15 ఏళ్లప్పుడు తల్లి సూక్ష్మదర్శిని ఇచ్చింది. ఆమె ఒకప్పుడు బడిపంతులమ్మ. బెంట్లీ చలిలో కూర్చుని హిమ స్ఫటికాలను చూస్తూ గీయడం మొదలుపెట్టాడు. కాని బొమ్మ పూర్తికాకముందే స్ఫటికం కరిగిపోయేది. ఆ పంతంతోనే సూక్ష్మదర్శినికి కెమేరా జోడించాడు. 1885 జనవరి 15న, అంటే సరిగ్గా మన సంక్రాంతి రోజుల్లో, హిమ స్ఫటికానికి ఫోటో తీయగలిగాడు. అప్పటికి అతనికి 19 ఏళ్లు. జీవితకాలంలో 5,000కు పైగా ఫోటోలు తీశాడు. బెంట్లీ తన వాకిట్లో పడినదాన్నే గీశాడు. మనం అనుకరించవలసింది అతని హిమాన్ని కాదు, అతని పద్ధతిని.

1609 శీతాకాలంలో ఇటలీలోని పాడువా పట్టణంలో గెలీలియో దూరదర్శినితో చంద్రుణ్ణి చూసి రంగు పులిమి బొమ్మలు వేశాడు. అంతకు కొన్ని నెలల ముందే ఇంగ్లండులో థామస్ హారియట్ కూడా దూరదర్శినితో చంద్రుణ్ణి చూసి గీశాడు. ఆ బొమ్మలో వెలుగు చీకట్ల సరిహద్దు వంకరటింకరగా ఉంది, అంతే. గెలీలియోకు చిత్రకళలో వెలుగునీడలు ఎలా వేస్తారో తెలుసు. అందుకే ఆ వంకరలు పర్వతాల నీడలని ఆయన పట్టుకోగలిగాడు.

ఎవరిది లోపం?

ఇదంతా ఉపాధ్యాయుల మీద నేరం మోపడానికి చెప్పడం లేదు. ఒకే గదిలో నలభై మంది, రెండు మూడు తరగతులు. పండుగ ముందు గోడలు అందంగా కనిపించాలని పైవారి కోరిక, నీటుగా ఉన్న చార్టే చూడాలని తల్లిదండ్రుల ముచ్చట. కళలను పదో తరగతి వరకు తప్పనిసరి విషయంగా ఉంచాలని 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం మాత్రం కళల బోధకుణ్ణి ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు, అదీ నూరుమందికి పైగా పిల్లలున్న బళ్లకే అడిగింది. ఒకటి నుంచి అయిదు వరకు ఆ భారం తరగతి ఉపాధ్యాయులదే. పరీక్షలు దగ్గరపడితే మొదట ఎగిరిపోయేది డ్రాయింగు పీరియడే.

దాని ఫలితం హైస్కూల్లో మీ దగ్గరే కనిపిస్తుంది. ఉల్లిపొరను సూక్ష్మదర్శినిలో చూసి బొమ్మ గీయమంటే ఏం చేస్తున్నారు? కటకంలోకి ఒక్క చూపు, పాఠ్యపుస్తకం వైపు పది చూపులు. పుస్తకంలో కణాలు ఇటుకల్లా ఉన్నాయి కనుక మీ రికార్డులోనూ ఇటుకలే. మీరు చూసిన పొరలో ఒక గాలిబుడగ ఉంటే, ఒక మడత ఉంటే అది గీశారా? గీయలేదు, మార్కులు పోతాయని భయం. ఆ భయం మూడో తరగతిలో మంచు మనిషి దగ్గర మొదలైంది.

కనుక ప్రాథమిక పాఠశాలలో డ్రాయింగు పీరియడును ఎవరూ తీసేసుకోకూడదని, వారానికి ఒక్కసారైనా పిల్లలు ఎదుట ఉన్నదాన్ని చూసి గీయాలని నేను గట్టిగా కోరుతున్నాను. దీనికి డబ్బు అక్కరలేదు. పెన్సిలు, కాగితం, తలుపు తెరిచి బయటికి పోనిచ్చే మనసు చాలు. మంచు మనిషినీ వేయనివ్వండి, కాని పక్కనే మన బస్సు లైట్లకు కూడా చోటివ్వండి.

పెద్దలు ఒప్పుకునేదాకా మీరు ఆగనక్కరలేదు. ఈ సంక్రాంతి సెలవుల్లో మీ తమ్ముడికో చెల్లెలికో ఒక కాగితం ఇచ్చి, "నీకు కనపడిందే వెయ్యి" అనండి. వాళ్లు వేసిన గీతను దిద్దకండి. "ఇది ఎక్కడ చూశావు?" అని మాత్రం అడగండి. ఆ తర్వాత మీరూ ఒక కాగితం తీసుకుని వాళ్ల పక్కనే కూర్చోండి.