ఆదివారం ఎవరిది?

పోయిన నెల కుటుంబ ప్రార్థనలో మామయ్య ప్రార్థన చేస్తుంటే నా ఫోన్ మోగింది. బిల్డ్ ఫెయిల్ అయిందని మెసేజ్. ఆమెన్ చెప్పకముందే లేచి లాప్‌టాప్ తెరిచాను. ఎవరూ ఏమీ అనలేదు. నాకు బాధనిపించింది అందుకే. మన ఇళ్ళల్లో ఇది మామూలైపోయింది.

బొమ్మసంద్రలో చాలా ఫ్యాక్టరీల షిఫ్టులకి ఆదివారం లేదు. షిఫ్టు తప్పనివాళ్ళని నేను అనడం లేదు. నా పని అలాంటిది కాదు. సోమవారం చూసినా ఏమీ మునిగిపోయేది కాదు.

1860ల్లో ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో మాదిగ కుటుంబాలు విశ్వాసంలోకి వచ్చినప్పుడు మూడు కట్టుబాట్లు పెట్టుకున్నారు. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు. మొదటిది మనకి తేలిగ్గా కనిపిస్తుంది. కానీ ఊరి పెద్దలు ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెళ్ళాల్సినవాళ్ళు "ఈరోజు రాము" అనడమంటే మాటలా? ఎన్నో బాధలు పడ్డారు, అయినా నిలబడ్డారు.

ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలో విశ్రాంతి దినానికి చెప్పిన కారణం కూడా ఇదే: మీరు ఐగుప్తులో దాసులుగా ఉన్నారు, అది మర్చిపోవద్దు అని. దాసుడికి సెలవు ఉండదు. అంటే విశ్రాంతి బద్ధకం కాదు, విడుదలకి గుర్తు. కన్నడంలో తీరికని 'బిడువు' అంటాం, మన 'విడుపు'కి దగ్గర మాట. వాళ్ళు కష్టపడి తెచ్చుకున్న రోజుని మనం అడక్కుండానే ఇచ్చేస్తున్నాం.

"పని చేసుకుంటూ కూడా ప్రార్థన చెయ్యొచ్చు కదా" అంటారు. చెయ్యొచ్చు, నేనూ మెట్రోలో చేస్తాను. కానీ లూకా 5లో చూడండి, జనం గుంపులుగా వస్తున్నప్పుడే యేసుప్రభువు అరణ్యానికి వెళ్ళి ప్రార్థన చేశాడు. పని అయిపోయాక కాదు.

1854 జనవరి 1 తెల్లవారుజామున జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, ఇంకొందరు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. అంతకుముందు ఏడాదే అమెరికాలో ఈ మిషన్ మూసేద్దామా అన్న చర్చ జరిగింది. క్లౌ దొరగారు ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. మధ్యలో పన్నెండేళ్ళు! 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ పన్నెండేళ్ళ సంగతి మాత్రం చెప్పుకోం. పన్నెండు రోజుల్లో జవాబు రాకపోతే మనం ప్రార్థన మనవి మార్చేస్తాం.

అందుకే నా మాట ఒకటి. నెలలో మొదటి ఆదివారం సాయంత్రం ఒక్క గంట, ఫోన్లన్నీ వంటింట్లో స్టీలు డబ్బాలో పెడదాం. సగం సేపు ఊరికే మౌనంగా కూర్చుందాం. మిగతా సగం ఒకే ఒక్క మనవి, జవాబు వచ్చేదాకా అదే. మొదట నా ఫోన్ పెడతాను. మామయ్యకి ఆ మాట ఇచ్చేశాను.