నిమిషం మౌనం ఎవరి సొత్తు?



ఒక రాజకీయ నాయకుడు చనిపోతే ఫుట్‌బాల్ మైదానంలో ఆటకు ముందు నిమిషం మౌనం పాటించాలా? మన సాంచాలకూ, స్పిన్నింగ్ ఖాతాకూ దీంతో ఏం పని అని కొందరు అడగవచ్చు. పని ఉంది. మౌనం పాటించమని పైవాళ్లు చెప్పడం, కిందివాళ్లు లేచి నిలబడడం మనకూ తెలిసిన సంగతే. అందుకే ఇంగ్లండులో 2013లో వచ్చిన ఒక తగాదాను కాస్త వివరంగా చూద్దాం.

ఆ ఏడాది ఏప్రిల్ 8న బ్రిటన్ మాజీ ప్రధాని మార్గరెట్ థాచర్ చనిపోయారు. 1979 నుంచి 1990 దాకా ఆమె పదవిలో ఉన్నారు. ఆ వారం చివర జరిగే మ్యాచ్‌లకు ముందు ఆమెకు నిమిషం మౌనంతో నివాళి అర్పించాలని విగన్ క్లబ్బు ఛైర్మన్ డేవ్ వీలన్, రెడింగ్ క్లబ్బు ఛైర్మన్ జాన్ మడేస్కీ బహిరంగంగా కోరారు. అక్కడి ఫుట్‌బాల్ సంఘం ఒప్పుకోలేదు. మౌనం లేకుండానే ఆటలు జరిగాయి.

సంఘం చేసింది సరైన పనే అని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ముందుగా ఆ మైదానం ఎవరిదో చూడండి. బట్టల మిల్లుల్లో ఆడవాళ్లకూ, చిన్న వయసు వాళ్లకూ శనివారం మధ్యాహ్నం 2 గంటలకే పని ఆపాలని ఇంగ్లండులో 1850లో చట్టం వచ్చింది. ఆ పూట సెలవు మెల్లమెల్లగా తక్కిన కార్మికులకూ దక్కింది. శనివారం ఫుట్‌బాల్ ఆ సెలవు పూటలోనే పెరిగి పెద్దదయింది. ఈనాడు ప్రపంచమంతా పేరు చెప్పుకునే మాంచెస్టర్ యునైటెడ్ 1878లో రైల్వే కార్మికులు పెట్టుకున్న జట్టు. ఆర్సెనల్ 1886లో ఆయుధాల కార్ఖానా కార్మికులు పెట్టుకున్న జట్టు. విగన్ ఊరు బొగ్గు గనులకూ, నూలు మిల్లులకూ పేరుపడ్డ ఊరు. అంటే మన పనివాళ్లు పోరాడి తెచ్చుకున్న సెలవు పూటలోనే ఆ ఆటకు ప్రాణం వచ్చింది. ఇప్పుడు క్లబ్బులు కోటీశ్వరుల చేతుల్లోకి పోయినా, గ్యాలరీల్లో గొంతు చించుకునేవాళ్లలో ఆ కార్మికుల బిడ్డలూ, మనుమలూ ఎందరో ఉన్నారు.

ఆ కుటుంబాలకు థాచర్ పేరు వింటే ఏం గుర్తొస్తుంది? 1984 మార్చి నుంచి 1985 మార్చి దాకా ఏడాది పాటు సాగిన గని కార్మికుల సమ్మె గుర్తొస్తుంది. గనుల మూసివేతను ఆపడానికి కార్మికులు సమ్మెకు దిగితే ప్రభుత్వం పట్టు విడవలేదు. ఏ ఒప్పందమూ లేకుండానే వాళ్లు తిరిగి పనిలోకి పోవలసి వచ్చింది. ఆ తర్వాత గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1982 జనవరి 18న మొదలైన ముంబై మిల్లుల సమ్మెలో 2.5 లక్షల మంది కార్మికులు బయట నిలబడ్డారు. మిల్లు భోంగా ఆగిపోయిన వాడల్లో ఎలాంటి దిగులు కమ్ముకుంటుందో మనకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. మనకు 1982 ఎలాగో, ఆ గని ఊళ్లకు 1984 అలాగ.

ఇక ఫుట్‌బాల్ అభిమానులకు ఇంకో గాయం కూడా ఉంది. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్ పట్నంలోని హిల్స్‌బరో మైదానంలో జనం తొక్కిడిలో లివర్‌పూల్ అభిమానులు 97 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. తప్పంతా అభిమానులదేనని పోలీసులు కథ అల్లారు. అది అబద్ధమని స్వతంత్ర సంఘం నివేదిక తేల్చేసరికి 2012 వచ్చింది. వాళ్లను చట్టవిరుద్ధంగా చంపినట్టేనని జ్యూరీ చెప్పేసరికి 2016 వచ్చింది. ఆ దుర్ఘటన నాటి ప్రధాని థాచరే. అభిమానులందరికీ గుర్తింపు కార్డులు ఉండాలని అదే ఏడాది ఆమె ప్రభుత్వం చట్టం కూడా చేసింది. చివరికి ఆ కార్డుల పథకం అమలు కాలేదు గానీ, ఆట చూడ్డానికి వచ్చిన మనిషిని అనుమానితుడిలా చూశారన్న బాధ మిగిలిపోయింది. 2013 ఏప్రిల్ 13న రెడింగ్‌లో ఆడవలసిన జట్టు ఈ లివర్‌పూలే. రెండు రోజుల్లో తమవాళ్లు పోయిన రోజు రాబోతుండగా, ఆ జనాన్ని లేచి నిలబడి థాచర్‌కు మౌనం పాటించమనడం న్యాయమా?

"మనిషి పోయాక పగలెందుకు, ఒక్క నిమిషం నిలబడితే ఏం పోతుంది" అని అడిగేవాళ్లున్నారు. ఆ మాటలో మర్యాద ఉంది, కాదనను. ఆమె చావుకు కొన్ని ఊళ్లలో వీధుల్లోకి వచ్చి పండగ చేసుకున్నారు. అది నాకు నచ్చలేదు. ఏ ఇంట్లో చావైనా చావే. కానీ చావుకు నవ్వకపోవడం వేరు, తలవంచి నిలబడడం వేరు. మొదటిది మనిషి ప్రతి మనిషికీ బాకీ ఉన్న మర్యాద. రెండవది గౌరవం, అది బాకీ కాదు. చచ్చినవాడి కళ్లు చారెడని మనవాళ్లు ఊరికే అనలేదు. ఒక్క నిమిషం అందరూ తలవంచితే, ఆ కాలమంతా అందరికీ మంచే జరిగిందన్నట్టు తోస్తుంది.

పైగా ఆమెకు గౌరవం తక్కువేమీ కాలేదు. ఏప్రిల్ 10న పార్లమెంటును ప్రత్యేకంగా పిలిచారు. 17న సైనిక లాంఛనాలతో సెయింట్ పాల్స్ చర్చిలో అంత్యక్రియల ప్రార్థన జరిపారు. గౌరవించదలచినవాళ్లను ఎవరూ ఆపలేదు. టిక్కెట్టు కొనుక్కుని ఆట చూడవచ్చినవాణ్ణి కూడా అందులో కలపాలా అన్నదే ప్రశ్న.

అయితే ఏ రాజకీయ నాయకుడికీ మైదానంలో నివాళి వద్దా? అలా గీత గీయనక్కరలేదు. అదే ఏడాది డిసెంబరు 5న నెల్సన్ మండేలా చనిపోయారు. ఆయనా రాజకీయ నాయకుడే, దేశాధ్యక్షుడిగా చేసినవాడే. ఇంగ్లండు మైదానాల్లో నిమిషం పాటు చప్పట్లు కొట్టి ఆయనను తలచుకున్నారు. గొడవ చేయాలని జనానికి తోచలేదు, ఎందుకంటే ఇవ్వడానికి వాళ్లే సిద్ధంగా ఉన్నారు. కాబట్టి కొలత పదవి కాకూడదు. నిలబడవలసిన జనం మనసే కొలత కావాలి. బతిమాలో బెదిరించో తీసుకోవలసిన మౌనమైతే అసలు అడగకపోవడమే మేలు. అడిగి, సగం మంది ఈలలు వేస్తే చనిపోయిన మనిషికే అవమానం.

ఈ మౌనం పుట్టుక కూడా గుర్తుంచుకోవాలి. మొదటి ప్రపంచయుద్ధం ఆగిన రోజుకు ఏడాది నిండిందని 1919 నవంబరు 11న బ్రిటన్‌లో రెండు నిమిషాల మౌనం పాటించారు. అది మంత్రుల కోసం కాదు, కందకాల్లో చచ్చిపోయిన సామాన్య సైనికుల కోసం.

ఇప్పుడు మన గేటు దగ్గరికి వద్దాం. పెద్దలెవరైనా పోతే మౌనం పాటించమని మనకూ కబురు వస్తుంది. బద్లీ కార్మికుడు మిషన్లో చెయ్యి పడి పోతే, దూది దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై పోతే, ఎన్ని చోట్ల ఒక్క సాంచా అయినా ఆగుతుంది? అందుకని నా సూచనలు రెండు. మన సంఘం సభల్లో మౌనం పాటించేటప్పుడు ఆ ఏడాది పోయిన మన కార్మికుల పేర్లు ముందు చదవాలి, నాయకుల పేర్లు తర్వాత. మన వాడల కబడ్డీ పోటీల్లో ఎవరికైనా నివాళి అర్పించదలిస్తే ముందు ఆటగాళ్లనూ, వాడ జనాన్నీ అడగాలి. ఇష్టం లేనివాడు కూర్చుంటే వాడి పేరు రాసుకోకూడదు.

మన చేతులను షిఫ్టుకు ఇంత అని కొనుక్కున్నారు. మన మౌనాన్ని ఎవరూ కొనలేదు. దాన్ని ఎవరికి ఇవ్వాలో మనమే నిర్ణయించుకుందాం.