చేతికో కంది కొమ్మ ఇవ్వండి సార్!

వికారాబాద్‌లో రైలెక్కితే, తాండూరు దగ్గరపడేకొద్దీ కంది చేలే. నేను బాటనీ చదివింది వాటిని చూసే.

మొన్న ఓ యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూ. పేపర్లెన్ని, ఏ జర్నల్... అంతే! 2022లో జీఐ గుర్తింపు తెచ్చుకున్న మా కంది గురించి మొదలెట్టానో లేదో, 'టైమైపోయింది' అన్నారు.

యూజీసీ 2018 రూల్స్‌లో అకడమిక్ స్కోరు షార్ట్‌లిస్టు వరకే. ఎంపిక ఇంటర్వ్యూను బట్టే. మరి ఓ కొమ్మ చేతికిచ్చి, 'పిల్లలకి ఈ పువ్వు ఎలా చెప్తారు?' అనడగొచ్చుగా!

కంది పువ్వు భలే తమాషా. విచ్చుకోకముందే లోపల సొంత పుప్పొడి రాలుతుంది. అయినా తేనెటీగలు పక్క చేను పుప్పొడి మోసుకొస్తాయి. అందుకే రైతు దాచుకున్న విత్తనం ఏళ్లు గడిచేకొద్దీ కలగలిసిపోతుంది. ఇది చెప్పడానికి నాకు మూడు నిమిషాలు చాలు.

రిజల్ట్ ఇంకా రాలేదు. సోమవారం తాండూరులో గెస్ట్ క్లాసుంది, కొమ్మ తీసుకెళ్తున్నా.