కారు లేని సంసారము

నేడు మన పట్టణములలో మధ్యతరగతి గృహస్థునకు రెండు దిగుళ్లు. సొంత యిల్లు లేదని ఒకటి, కారు లేదని మరొకటి. మొదటిది నిజమైన కొరత. రెండవది పొరుగువారి కన్నులలో పుట్టి మన గుండెలలో కాపురము పెట్టిన కొరత. కూరగాయల బజారు, బడి, మందుల దుకాణము, బ్యాంకు, పిండిమర - ఇవన్నియు పెక్కిండ్లకు రెండు మూడు కిలోమీటర్ల లోపలనే యున్నవి. ఈ దూరమునకు సైకిలు చాలునని అందరును ఎరుగుదురు. అయినను కొత్తిమీర కట్ట తెచ్చుటకు మనము ముప్పాతిక టన్నుకు తక్కువ గాని యినుమును కదల్చుచున్నాము. ఈ లెక్కను చూచి చిల్లరయంగడి కుర్రవాడైనను నవ్వడా?

సైకిలు తొక్కలేక దానిని విడిచినవారు మనలో కొలదిమంది. తొక్కుటకు సిగ్గుపడి విడిచినవారే పలువురు. ఒకప్పుడు ఇదే సైకిలు మన యూళ్లలో చదువుకొన్నవాని గుర్తు. బడిపంతులు, కచేరీ గుమాస్తా, వైద్యుడు దానిమీద వచ్చుచుండగా జనులు గౌరవముతో దారి యిచ్చెడివారు. పెండ్లికుమారుడు అలిగి యడిగెడి లాంఛనములలో సైకిలును, చేతిగడియారమును ముందుండెడివి. పిమ్మట స్కూటరు వచ్చినది; దాని వెనుక కారు వచ్చినది. అల్లుని కోరికకు చక్రములు పెరిగినకొలది మామగారి యప్పు పెరిగినది. కట్నమును నిషేధించు చట్టము 1961లో వచ్చినది గాని, కారు మాత్రము నేటికిని పెండ్లిపందిటి ముందర పూలదండ వేసికొని నిలుచుచునే యున్నది. సైకిలు పాలవానికి, కాపలావానికి, కూలివానికి మిగిలినది. వారి చేతిలో పడినంతనే అది మన పరువునకు తగనిదైనది. వర్ణభేదము తప్పని సభలలో చెప్పు నోళ్లే వాహనభేదమును వీధిలో పాటించుచున్నవి. ఇది సంస్కారమా?

ఈ సిగ్గునకు మూల్యము చెల్లించువారము మనము మాత్రమే కాము. 2011 జనాభా లెక్కలనాటికి భారతదేశమున నూటికి 45 ఇండ్లలో సైకిలుండెను. కారున్న యిండ్లు నూటికి 5 కూడ లేవు. తరువాత కార్లు పెరిగినమాట నిజమే. అయినను మన వీధులు ఎవరికొరకు వెడల్పు చేయబడుచున్నవి? నీడనిచ్చు చెట్లు ఎవరికొరకు నరకబడుచున్నవి? కాలిబాటలపై ఎవరి బండ్లు రాత్రింబవళ్లు నిద్రించుచున్నవి? కొలదిమంది సుఖమునకై పలువురు దారి తొలగవలెనను న్యాయమును మన తాతలు జమీందారీలలో చూచిరి. మనము నాలుగు రోడ్ల కూడలిలో చూచుచున్నాము. హైదరాబాదు వెలుపలి వలయరహదారి ప్రక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిలు బాటను, పైన సౌరఫలకముల కప్పుతో నిర్మించిరి. మంచిదే, వ్యాయామము కోరువారు సంతోషింపవచ్చును. కాని ఆ బాట బడికి పోదు, బజారుకు పోదు. కారుమీద సైకిలును కట్టుకొని పోయి, అచట తొక్కి, మరల కారుననే యింటికి వచ్చువారికి అది మిక్కిలి యనుకూలము!

కారు కాలమును మిగుల్చునని మనవారి నమ్మకము. ఐవాన్ ఇల్లిచ్ అను విమర్శకుడు 1974లో ఆంగ్లమున వెలువడిన ‘ఎనర్జీ అండ్ ఈక్విటీ’ యను గ్రంథమున ఒక లెక్క వేసెను. సగటు అమెరికా పురుషుడు కారులో గడపు కాలమును, దాని ఖర్చుల నార్జించుటకు పనిచేయు కాలమును కలిపిన ఏడాదికి 1,600 గంటలగుననియు, అందుకు ఫలముగ అతడు సాగు దూరము 7,500 మైళ్లనియు చూపెను. అనగా గంటకు అయిదు మైళ్లు కూడ కాదు. సైకిలువాడు అతనిని సునాయాసముగ దాటిపోవును. మన గృహస్థుడును ఈ లెక్క వేసికొనవలెను. నెలనెలా వాయిదా, భీమా, పెట్రోలు, మరమ్మతు - వీనికై అతడు కార్యాలయమున ఎన్ని సాయంకాలములు అదనముగ కూర్చుండుచున్నాడు? అప్పు తీర్చుటకు ఆదివారమును అమ్ముకొన్నవాడు బిడ్డలతో విహారమునకు పోవునదెప్పుడు?

ఇక స్త్రీల మాట. ఇంటిలో కారున్నను దాని తాళపుచెవి ఎవరి జేబులో నున్నది? చాల యిండ్లలో ఇల్లాలు దానియందు ప్రయాణికురాలే గాని సారథి కాదు. సైకిలు అట్టిది కాదు. తమిళదేశమున పుదుక్కోట జిల్లాలో 1990ల తొలినాళ్లలో, అక్షరాస్యతా ఉద్యమముతోపాటు గ్రామస్త్రీలు వేలకొలది సైకిలు నేర్చిరి. నీళ్ల బిందెను, పంటను, బిడ్డను దానిమీదనే మోసికొనిరి. బస్సుకొరకు, మగవానికొరకు ఎదురుచూచుట మానిరి. బీహారు ప్రభుత్వము 2006 మొదలు తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లనిప్పింపగా, ఉన్నతపాఠశాలలలో చేరిన యాడపిల్లల సంఖ్య నూటికి సుమారు 32 వంతున పెరిగినదని ఆర్థికశాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. ఉపన్యాసములు చేయలేనిది రెండు చక్రములు చేసినవి. మన పట్టణములలోని విద్యావతులు మాత్రము సైకిలును పదవయేట విడిచి మరల ముట్టరు. ముట్టిన నలుగురు నవ్వుదురట!

కొందరు మూడు ఆక్షేపణలు చెప్పుదురు. మొదటిది ఎండ. మన వేసవి కఠినమైనదే. కాని యింటిపనులు ఉదయసాయంకాలములలో చేసికొనవచ్చును గదా! మిట్టమధ్యాహ్నము మన గుమ్మమునకు గ్యాసుబండ మోసికొనివచ్చువాని యెండనుగూర్చి మనకెన్నడును బెంగ కలుగలేదు. రెండవది వార్ధక్యము, రోగము. అట్టివారు ఆటోలో గాని కారులో గాని పోవలెను, కాదనువారెవరు? ఆరోగ్యవంతులు దారిని ఖాళీచేసిన వారి ప్రయాణము మరింత సుఖమగును.

మూడవది ప్రమాదము, ఇది బరువైన మాట. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మృతినొందిరి. కాని సైకిలువానిని చంపునది సైకిలు కాదు. దారి భయంకరమైనదని ప్రతివాడును కారు కొనును. కార్లు పెరిగినకొలది దారి మరింత భయంకరమగును. నెదర్లాండ్సు దేశమువారును ఒకప్పుడు సైకిలును విడిచి కార్ల వెంట పరుగెత్తినవారే. 1971లో అచట రోడ్లపై మూడువేలకు మించి మరణించిరి. వారిలో నాలుగువందలకు పైగా పసివారు. తల్లిదండ్రులు వీధులలోనికి వచ్చి ‘శిశుహత్య నాపుడు’ అని ఉద్యమించిరి. ప్రభుత్వము విని బాటలు వేసినది. నేడచట ప్రయాణములలో నాలుగవ వంతుకు పైగా సైకిలుమీదనే జరుగుచున్నవి. వారికి సైకిలు బాటలు పూర్వపుణ్యమున వచ్చినవి కావు, అడుగగా వచ్చినవి. మనమడిగితిమా?

కావున సోదరీసోదరులారా! మూడు కిలోమీటర్ల లోపలి పనికి కారును గాని మోటారుబండిని గాని తీయమని మొదట ఇంటిలో నియమము చేసికొనుడు. కూతునకును కోడలికిని సైకిలు కొనియిండు. మీరును వారి ప్రక్కన తొక్కుడు. పెండ్లిలో కారు నడుగకుడు, ఇచ్చినను పుచ్చుకొనకుడు. మీ వీధినుండి బడికిని బజారుకును సైకిలు బాట కావలెనని పురపాలక సంఘమునకు పదుగురు కలిసి అర్జీ పెట్టుడు. బదులు రాకున్న మరల పెట్టుడు. పాలవాడును, పంతులమ్మయు, న్యాయవాదియు ఒకే బాటలో ప్రక్కప్రక్కన సైకిలు తొక్కిననాడు మన వీధులలో సమత్వము కొంతయైనను కంటికి కనబడును. ఆ దినము రావలెనన్న మొదట దిగవలసినది మన కారు నుండి కాదు, మన బడాయి నుండి.