వీడ్కోలు విందు - చిరుద్యోగి చందా

ప్రభుత్వోద్యోగి ఏ తేదీన పుట్టినా పదవీ విరమణ మాత్రం నెలాఖరు రోజునే. చిరుద్యోగి జేబు ఖాళీగా ఉండేదీ అప్పుడే. సరిగ్గా ఆ రోజుల్లోనే కార్యాలయంలో చందా కాగితం బయలుదేరుతుంది.

అందులో ప్రతి పేరుకూ ఎదురుగా అంకె ముందే వేసి ఉంటుంది. "ఇష్టమైతేనే ఇవ్వండి" అంటారు. కాని ఎవరిచ్చారో, ఎవరివ్వలేదో ఆ కాగితమే పదిమందికీ చాటుతుంది. ఇప్పుడా జాబితా వాట్సాప్‌లోకి ఎక్కింది. అంతే తేడా.

నేను పనిచేసిన ఒక కార్యాలయంలో అధికారి విరమణకు కల్యాణ మండపం మాట్లాడారు. తలకు 500 రూపాయలు. కాగితం పట్టుకు తిరిగినవారిలో నేనూ ఒకడిని. మా అటెండరు మారుమాటాడకుండా ఇచ్చాడు. అది కూతురి కాలేజీ ఫీజుకు దాచుకున్న సొమ్మని తర్వాత తెలిసింది. ఏడాది తిరక్కుండా అతనూ రిటైరయ్యాడు. భోజన విరామంలో ఒక శాలువా కప్పి, టీ బిస్కట్లతో సరిపెట్టాం. పైగా "మాకు విందు ఏదీ?" అని అడిగిందీ మేమే. అతని ఇల్లాలు వండి పంపిన పులిహోర తిని చేతులు కడుక్కున్నాం. ఇది తలచుకుంటే నేటికీ సిగ్గే.

ఇది కేవలం మర్యాదకు సంబంధించిన మాట కాదు. కేంద్ర ప్రభుత్వోద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళిలోని 14వ నియమం ఆడంబరం లేని, ఆంతరంగికమైన వీడ్కోలు విందును అనుమతిస్తుంది. అయితే చందా కోసం ఏ ఉద్యోగిపైనా ఒత్తిడి తేరాదనీ, పై తరగతి అధికారి విందుకు 'సి', 'డి' గ్రూపుల సిబ్బంది నుంచి ఏ పరిస్థితిలోనూ వసూలు చేయరాదనీ అందులో స్పష్టంగా ఉంది. ఈ నీతి కేంద్ర కార్యాలయాలకే కాదు, బ్యాంకులకూ, బడులకూ, ఫ్యాక్టరీలకూ వర్తించవలసిందే.

విందుకు పిలిచేవారే ఖర్చు పెట్టుకోవడం మన ఇళ్లలో ఉన్న ఆచారం. కార్యాలయంలోనూ అదే పాటిస్తే చాలు. సాగనంపేది సహోద్యోగులు గనుక వెళ్లేవారిని విందు అడగరాదు. ఆయన సంతోషంగా ఇంటికి పిలిస్తే అది వేరు సంగతి. చందా జాబితాలో పేర్లు, అంకెలు వేయడం మాని ఒక మూల మూత ఉన్న డబ్బా పెడితే ఎవరి శక్తి కొద్దీ వారు వేస్తారు. అంతకన్నా మేలు, నెలనెలా జీతాన్ని బట్టి కొద్దికొద్దిగా వేసుకునే నిధి. దాని నుంచి అధికారికైనా, అటెండరుకైనా ఒకే శాలువా, ఒకే భోజనం, ఇంటి దాకా దిగబెట్టడానికి ఒకే రకం వాహనం ఏర్పాటు చేయాలి.

విరమించే అధికారి కూడా ముందే నోరు విప్పి "నా పేరిట కింది సిబ్బందిని డబ్బు అడగవద్దు" అనాలి. సభలో చదివే సన్మాన పత్రం కన్నా ఆ ఒక్క మాటే ఆయన పేరు నిలుపుతుంది. ఉద్యోగ సంఘాల వారు ఈ సంగతి ఆలోచించడం మంచిది. రేపు మరో నెలాఖరు వస్తుంది. మరో కాగితం బయలుదేరుతుంది.