జేబులో ఆంప్లిఫయరు

బాలలూ! ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది. ఒక కుర్రవాడు రెండేళ్లుగా హుండీలో డబ్బు కూడబెట్టాడట. హెడ్‌ఫోనుకు తగిలించే చిన్న ఆంప్లిఫయరు కొనాలని వాడి కోరిక. అంగడిలో రెండు చూశాడు. ఒకటి చవక. రెండవదాని వెల అందుకు మూడింతలు. దానికి రంగురంగుల దీపాలూ, మద్దెల మోతను పెంచే మీటా, మెరిసే పెట్టే ఉన్నవి. "ఏది కొనమంటారు?" అని అడిగాడు.

ముందు ఆ యంత్రం చేసే పని చూద్దాం. ఫోనులోంచి హెడ్‌ఫోనుకు వచ్చేది సుమారు ఒక వోల్టు. చెవిలో పెట్టుకునే బుల్లివాటికి అది చాలు. కాని పెద్ద హెడ్‌ఫోనులలో 300 ఓములవి కూడా ఉన్నవి. ఓము అంటే విద్యుత్తుకు కలిగే అడ్డును కొలిచే కొలత. అడ్డు ఎక్కువైతే వోల్టులూ ఎక్కువ కావాలి గదా! అవి అందించేదే ఆంప్లిఫయరు.

అమెరికాలో చు మోయ్ అనే ఆయన గీసి అందరికీ ఇచ్చిన నమూనా ఒకటి ఉన్నది. దానిని ఎంతోమంది పిప్పరమెంటు బిళ్లల రేకు డబ్బాలో ఇమిడ్చి స్వయంగా చేసుకున్నారు. దానికి 9 వోల్టుల బ్యాటరీ ఒక్కటే. ధ్వని అలలాగా పైకీ కిందికీ ఊగుతుంది కనుక, ఆ తొమ్మిదినీ అటు నాలుగున్నర, ఇటు నాలుగున్నరగా పంచాలి. అందులో కొంత లోపలి చిప్పు మింగేస్తుంది. రెండు బ్యాటరీలు పెడితే అటు 9, ఇటు 9. పేరు చెప్పుకోని ఒక ఇంజనీరు 2011లో వెల్లడించిన 'ఆబ్జెక్టివ్2' ఆ రకందే. ధ్వనికి చోటు పెరిగింది, పెట్టె కూడా పెరిగింది!

ఇక్కడ ఒక తమాషా ఉన్నది. చు మోయ్ నమూనా ధ్వనిని 11 రెట్లు చేస్తుంది. చిన్న హెడ్‌ఫోనుకు అంత అక్కరలేదు. అందుచేత వాల్యూము నాబును అడుగునే ఉంచుతాం. చవక నాబుకు జబ్బు సరిగ్గా అక్కడే! కుడి, ఎడమ సమానంగా పలకవు. పాట ఒక చెవి వైపుకే ఒరిగిపోతుంది. మంచి నాబు వేస్తే ఖర్చు. కాని చెవికొకటి చొప్పున రెండు రెసిస్టర్లు మార్చి 11ను 3 చేస్తే, నాబు పైకి తిప్పుకోవచ్చు. జబ్బు కనబడదు. ఆ రెసిస్టరు వెల రూపాయో, రెండో! రెట్లను తగ్గించి పెంచుకునే చిన్న మీట ఉంటే మరీ మేలు. నేనైతే దీపాలకు పోసే డబ్బు దానికి పోస్తాను.

చెవుల సంగతి కూడా ఉన్నది. పిల్లలు 75 డెసిబెల్సు ధ్వనిని వారానికి 40 గంటలకు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

కనుక, అబ్బాయీ, ముందు నీ హెడ్‌ఫోను పెట్టె మీద ఓములు చూడు. 16 అనో, 32 అనో ఉంటే ఫోనుకే తగిలించి విను. చక్కగా వినిపిస్తే రెండింటినీ అంగడిలోనే ఉండనీ. 300 అని ఉంటే, రెట్లు మార్చే మీట ఆ రెండింటిలో దేనికి ఉన్నదో కనుక్కుని మళ్లీ ఉత్తరం రాయి.