పాటలో మారిన ఒక్క మాట

గాయకుల మీద మన దేశంలో వచ్చిన డాక్యుమెంటరీలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. పుట్టిన ఊరు, గురువు పేరు, బిరుదులు, శాలువలు, నలుగురు పెద్దల ప్రశంసలు, మధ్యమధ్య కొన్ని పాటలు. చూసి లేచాక ఆ కళాకారుని మీద గౌరవం పెరుగుతుందేమో గాని, ఆయన పాట గురించి కొత్తగా తెలిసేది తక్కువ. సబా దివాన్ 2009లో తీసిన 'ది అదర్ సాంగ్' ఈ మూసకు లొంగని చిత్రం. కాశీ గాయని రసూలన్ బాయి (1902–1974) జీవితాన్నీ గానాన్నీ వెదుకుతూ సాగే ఈ రెండు గంటల చిత్రానికి ఆధారం ఒకే ఒక్క మాట.

రసూలన్ బాయి అనగానే ఠుమ్రీ ప్రియులకు స్ఫురించేది భైరవిలో ఆమె పాడిన ఒక పాట. ప్రియుడు పూలచెండు విసురుతాడు. విసరవద్దని నాయిక వేడుకుంటుంది, ఆ దెబ్బ గుండెకు తగులుతున్నదంటుంది. అందరూ ఎరిగిన పాఠం ఇది. గుండెకు అక్కడ వాడిన మాట 'కరేజ్వా'. కాని 1935లో ఆమె ఇచ్చిన గ్రామఫోన్ రికార్డులో ఆ చోట ఉన్నది 'జోబన్వా'. యౌవనమని, వక్షమని దానికి అర్థాలు. తరువాతి కాలంలో ఆ పాఠం మరుగున పడిపోయింది. అదెలా పోయిందన్న ప్రశ్నను పట్టుకొని దర్శకురాలు కాశీ, లక్నో, ముజఫర్‌పూర్ తిరిగారు. వృద్ధ గాయనులను, వాద్యకారులను, సంగీతం తెలిసిన పెద్దలను కదిలించారు.

సమాధానం ఒక వ్యక్తి దగ్గర దొరకదు, చరిత్రలో దొరుకుతుంది. పందొమ్మిదవ శతాబ్దం చివరి నుండి సంస్కర్తలు తవాయఫులను సమాజానికి పట్టిన జాడ్యంగా చూడటం మొదలుపెట్టారు. వారి సంగీతం మాత్రం అందరికీ కావలసి వచ్చింది. పాటను కడిగి, పాడినవారిని పక్కకు నెట్టి, గౌరవనీయుల ఇళ్లలోకి తెచ్చుకున్నారు. ఠుమ్రీలోని నాయిక రాధ అయింది, శృంగారం భక్తి అయింది. రసూలన్ 1948లో ముజ్రాలు మానుకొని కోఠా విడిచిపెట్టారు. 1957లో సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. 1969 అహ్మదాబాదు మతకల్లోలంలో ఆమె ఇల్లు తగులబడింది. పురస్కారం ఇచ్చిన దేశమే ఆ ఇంటిని కాపాడలేకపోయింది. ఈ లోగా, 1964లో వచ్చిన 'దూజ్ కా చాంద్' అనే హిందీ సినిమాలో ఆ భైరవి పాటే మన్నాడే గొంతుతో హాస్యగీతంగా ఊరూరా మోగింది.

ఒక్క మాటే కదా, రాగం మారలేదు కదా అని ఎవరైనా అనవచ్చు. ఖయాల్ విషయంలో ఆ వాదన కొంత చెల్లుతుందేమో. ఠుమ్రీలో చెల్లదు. అక్కడ గాయని ఒకే పలుకును పదిసార్లు తిప్పి, ప్రతిసారీ కొత్త స్వరసంచారంతో కొత్త అర్థాన్ని పిండుతుంది. 'బోల్ బనావ్' అని దాన్నే అంటారు. ఆ పలుకు మారితే ఆ పది అర్థాలూ మారతాయి. గుండెకు తగిలిన దెబ్బలో వేదన ఉంది. రెండవ మాటలో వేదనతో పాటు చిలిపితనం, తన దేహాన్ని గురించి సంకోచం లేకుండా మాట్లాడే ఒక స్త్రీ ధైర్యం ఉన్నాయి. పోయినది ఆ ధైర్యమే.

తెలుగువారికి ఇది పరాయి కథ కాదు. పద్దెనిమిదవ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని వ్రాసిన 'రాధికా సాంత్వనము' తొలుత అచ్చయినప్పుడు అందులోని కొన్ని భాగాలను పరిష్కర్త వదలివేశారు. బెంగళూరు నాగరత్నమ్మ తాళపత్ర ప్రతిని సంపాదించి, వదలినవన్నీ చేర్చి 1910లో సమగ్రంగా ప్రకటించారు. ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చినది కూడా ఆ 1947లోనే. కావ్యానికి విముక్తి దొరికిన ఏడాదే ఆ కావ్యాన్ని వ్రాసిన, కాపాడిన స్త్రీల సంప్రదాయానికి తలుపులు మూసుకున్నాయి. గోదావరి జిల్లాల కలావంతులు మేజువాణీలలో పాడి అభినయించిన పదాలకు, జావళీలకు పట్టిన గతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి మనవి చేస్తాను. 1935 నాటి పాఠమే అసలుదనీ, తరువాతిది నకిలీ అనీ తీర్పు చెప్పే ప్రలోభం ఇటువంటి చిత్రం చూసిన ప్రేక్షకునికి కలుగుతుంది. అది సరికాదు. రెండు పాఠాలూ రసూలన్ గొంతులోనివే. గుండె అన్న మాటతో ఆమె పండించిన ఆర్తి తక్కువదేమీ కాదు. మనం బాధపడవలసినది రెండవ పాఠం పుట్టినందుకు కాదు, మొదటిదానికి బ్రతికే చోటు మిగలనందుకు. మాట మార్చుకోవడం పిరికితనమని కూడా అనలేము. ఊరంతా వేలెత్తి చూపుతున్నప్పుడు బ్రతుకు నిలుపుకోవడానికి కళాకారిణి చెల్లించిన మూల్యం అది. ఆ మూల్యాన్ని మనం సంస్కారం పేరుతో మన ఖాతాలో వేసుకున్నాము.

చిత్రం నిడివి కొందరికి విసుగు కలిగించవచ్చు. కథ ఒక చోట నిలవదు, ఒకరి జ్ఞాపకం నుండి మరొకరి మౌనంలోకి జారుతుంది. పోగొట్టుకున్నదాన్ని వెదికేవాడి నడక అలాగే ఉంటుంది. వృద్ధ గాయనీ గాయకుల మీద ఇకపై చిత్రం తీయబూనేవారు దీని నుండి నేర్వదగినది ఒకటున్నది. ఏ పురస్కారం ఎప్పుడు వచ్చిందో ఏ గ్రంథాలయంలోనైనా దొరుకుతుంది. వారు ఉండగానే వారినే అడగవలసిన ప్రశ్న వేరు: అమ్మా, మీరు పాడటం మానేసిన పాటలేవి? ఎందుకు మానేశారు?